ఎనభై ఏడో పిల్లరు

నా పని చిన్నది.
అద్దం బిగించిన కర్రను నిటారుగ పట్టుకొని
కదలకుండ నిలబడుడు.
అవుతల మూడుకాళ్ల మిషను కాడ
తాహెర్ సార్ ఒక కన్ను మూసి
చెయ్యి ఎత్తుతడు, దించుతడు.
కర్రకున్న నీటిబుడగ నడుమకొచ్చి ఆగిందంటే
ఆ జాగ ఇగ రోడ్డుదే.

ఎనుమాముల మార్కెట్ ఎనుక మొదలువెట్టినం.
మిర్చి బస్తాలు దిగే రోజులు.
ముక్కుకు తువ్వాల కట్టుకున్నా
ఒకటో పిల్లరు నుంచి ఆరో పిల్లరు దాక
తుమ్ముకుంటనే కొలిచినం.
సార్ పుస్తకంల ఆ పేజీ మీద
అంకెలు ఇప్పటికీ వణుకుతనే ఉంటయి.

పదకొండు, బండ మీద వడ్డది. గడ్డపార దిగలే,
ఎర్ర పెయింటు పూసి ముందుకు వోయినం.
ఇరవై మూడు, యాకయ్య పంక్చర్ డబ్బా.
డబ్బా సంగతి అడగలే ఆయన.
"పైన వోయే బండికి గాలి దిగితే
కిందికెట్ల వస్తది?" అన్నడు.
సార్ నవ్విండు. నేను గూడ నవ్విన.
రాత్రి పండుకున్నంక మాత్రం
ఆ బండి పైన్నే ఆగి ఉన్నది.

నలభై నుంచి నలభై నాలుగు నాలాల.
దాని గురించి చెప్ప.

ఎనభై ఏడు కొత్తవాడల.
మిషను కాళ్లు చాపే జాగ గూడ లేని గల్లీ.
రేకుల షెడ్డుల గుంటమగ్గం,
గుంటల కాళ్లు వెట్టి ఆడెపు భూలక్ష్మి
జంపఖాన నేస్తున్నది.
"పునాదికి తవ్వే పని లేదు మీకు,
మా మామ తవ్విపెట్టే పోయిండు" అన్నది.
నవ్వుతున్నదో లేదో తెల్వలే.

సార్ షీటు పరిచిండు, ఆమె నేసిన సగం జంపఖాన మీదనే.
ఎర్రగీత మీద ఆమె వేలు నడిచింది.
డెబ్బై, ఎనభై, ఎనభై మూడు...
ఆగింది.
"ఇక్కడ పోగు జారింది సారూ."
"జారలేదమ్మా, అది వంపు.
బండ్లు జోరుగ వస్తయి గద, వంపు ఉండాలె."
"వంపు నాకు తెలుసు.
వంపు మెల్లగ వస్తది, మెల్లగ పోతది.
ఇది వంపు గాదు, తప్పుకునుడు.
కుడిపక్క ఏమున్నది?"

సార్ షీటు చుట్టవట్టిండు.
కుడిపక్క ఏమున్నదో నాకు ఎరికే.
పోయిన వానకాలం ఎనభై నాలుగు కాడ
నేనే కర్ర పట్టుకొని నిలబడ్డ,
కట్టుకుంట ఉన్న ఫంక్షన్ హాలు గోడకు ఆనుకొని.
నేనే ఎర్ర గుర్తు పెట్టిన.
వారం తిరిగి పోతే గోడకు సున్నం,
నెల తిరిగితే ఆఫీసుకు కొత్త షీటు.
నోరు తెరుద్దామనుకున్న.
కర్ర పట్టుకున్నోడు కదలొద్దు.

షెడ్డు తలుపు మీద నంబరు రాసిన.
ఆమె బయటికొచ్చి చూసింది.
"ఏడు వంకర వడ్డది. చెరిపి రాయి."
చెరిపి రాసిన.

రెండో కొలతకు వోయినప్పుడు
మగ్గం మీద తెల్ల జంపఖాన,
దాని నడుమ ఒకటే ఎర్రచార.
సూటిగ వచ్చి, ఒక్కచోట
మూడు పోగులు ఎడమకు జరిగి,
మల్ల సూటిగ పోయింది.
సొసైటీల తీసుకోలేదట, తప్పు వడ్డదని.
మా ఆఫీసుల షీటు పాసయ్యింది.

చైత్రంల మిషన్లు దిగినయి.
షెడ్డు రేకులు ఏ దినం విప్పిండ్రో నేను చూడలే,
ఆ దినం మమ్మల్ని మడికొండ దిక్కు పంపిండ్రు.
వచ్చేసరికి బోరు తిరుగుతున్నది.
మొదటి మన్ను పైకొచ్చింది,
మన్నుల మన్నోలె కలిసిన నూలు దుబ్బ,
ఎరుపు, నీలం, పసుపుపచ్చ,
ఎన్నేండ్ల పోగుల చెత్తనో.
గాలి రాంగనే లేచింది.
కొంత నా చెమట మీద,
కొంత పోయి సార్ మిషను అద్దం మీద అతికింది.

సార్ జేబురుమాలు తీసిండు,
తుడిచి, మల్ల కన్ను వెట్టి చూసిండు.
"నిటారు" అని అరిచిండు.
బుడగ నడుమనే ఉన్నది.